ఇరవై దాటినాకే అంట

ఆదోనిలో పత్తి సీజను.
జిన్నింగ్ మిల్లు గేటు పక్కన, వేబ్రిడ్జి రూములో
రాత్రి డ్యూటీ నాది.
లారీకీ లారీకీ మధ్య ఉండే ఖాళీలో
నలుగురం కోటలోకి దిగుతాం:
నేను, ఎమ్మిగనూరు నుంచి ఉరుకుందు,
మసీదు సందులోంచి షాషావలి,
"పులి నూటపది" అని పేరు పెట్టుకున్న నూర్జహాను.
చెవుల్లో తీగలు, నోట్లో బొరుగులు.
ఐదో చోటు ఎప్పుడూ ఖాళీనే.

ఆటలో మూడు వాకిళ్ళు.
మూడోదానికి తాళం.
ఇరవయ్యో లెవెల్ దాటినోళ్ళకే తీస్తాది.

మద్దిలేటి మొన్న వచ్చినాడు,
మూడు నెల్లు బోరుబండి మీద తిరిగి,
కంతుల మీద ఫోను కొనుక్కోని.
వాని లెవెల్ రెండు.
మూడో వాకిలి కాడ వాని బొమ్మ నిలబడితే
తెర మీద ఎర్రగా పడింది: మీకు ఇంకా అర్హత లేదు.
"రేషన్ ఆఫీసులో కూడా ఇదే మాట కదన్నా" అని
వాడు నవ్వినాడు.

నేను నవ్వలేదు. నేను తాళం పక్షం.
పోయినేడు, తాళం లేని కాలంలో,
ఎవడో ఊరూ పేరూ లేనోడు మా గుంపులో పడినాడు.
గంటన్నర పాకినాం గుహలో.
మోకాళ్ళు మావి కాకపోయినా నొచ్చినాయి.
వాడు వచ్చీరాంగానే
నిద్రపోయే రాక్షసుని మీద బాంబు విసిరినాడు.
నూర్జహాను ఆ రాత్రి తిట్టిన తిట్లు
ఇంకా నా చెవి తీగకు చుట్టుకోని ఉండాయి.

అదీగాక, మిల్లులో
కొత్తోన్ని మేస్త్రీ మిషను దగ్గరికి రానీడు.
ఆర్నెల్లు మూటలు మోయాల్సిందే.
షాషావలి నాయన నాలుగేండ్లు పని నేర్చినాక కూడా
రెండు వేళ్ళు ఇచ్చొచ్చినాడు దానికి.
నాకు తాళం అంటే అది.

"కోటలో పోయేది వేళ్ళా?" అనింది నూర్జహాను.
"పది లెక్కపెడితే మళ్ళీ పుడతాం,
చొక్కా కూడా నలగదు.
పిల్చేది మనం, చచ్చేది మనం,
మధ్యలో ఆ తలుపుకేం నొప్పి?"
ఉరుకుందు ఒప్పుకోలేదు.
"పద్దెనిమిది రాత్రులు మేలుకుంటే తెరుచుకుందమ్మా నాకు.
ఊరికే తీస్తే నా నిద్ర ఎవరిస్తారు?"
అదీ నిజమే.
ఎవరిస్తారు.

మద్దిలేటి ఏమీ అనలేదు.
నా వెనక స్టూలు మీద కూచోని
నా ఫోను చార్జరు వదులైతే
వేలితో అదిమి పట్టుకున్నాడు, రెండు రాత్రులు.

మూడో రాత్రి వంతెన మీద ఉన్నాం,
ఆపేదానికి లేని చోటు.
కోసిగి లారీ హారన్ కొట్టింది.
"పట్టుకో" అని ఫోను వాని చేతిలో పెట్టి ఉరికినా.
తూకం చూసి, చీటీ రాసి,
చిల్లర లేదని డ్రైవరుతో వాదించి
వచ్చేసరికి నలుగురం చచ్చిపోయినాం.
ఉరుకుందు నన్నే తిడతాండాడు,
"ఏమొచ్చిందిరా నీకు ఈ పొద్దు" అని.
మద్దిలేటి మొగమంతా చెమట.
"వంతెన చివరిదాకా పోయినాన్నా.
కింద నీళ్ళుండాయి.
ఎన్ని నీళ్ళో!"

ఎన్ని రాత్రులు దాటినానో ఆ వంతెన,
కిందికి చూసింది లేదు.
వాళ్ళ బండి ఎనిమిది నూర్ల అడుగులు దిగినా
మూడు నెల్లూ దుమ్మే లేచిందంట.

తాళానికి పేరు తెలుసు, చెయ్యి తెలీదు.
ఉరుకుందుకు ఇంకా చెప్పలేదు నేను.
తాళం పక్షమే ఇప్పటికీ,
సగం.

రాత్రి రెండైతే
హారన్ వినపడకపోయినా
"లారీ వచ్చినట్టుంది" అని లేస్తా.
ఫోను స్టూలు మీదికి మారుతాది.
బయట మంచు, పత్తి గింజల వాసన.
ఖాళీ వేబ్రిడ్జి మీద నిలబడుకుంటా ఊరికే.
లోపల పెట్టెలో ఎర్ర అంకెలు
నన్ను అరవై అని చూపిస్తాంటాయి.
వాటిని చూసేవాడు లేడు.
వాడు కిందికి చూస్తాంటాడు.