పెన్సిల్ పొట్టు

ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఉక్కునగరం స్కూల్లో
డ్రాయింగ్ మాస్టార్ని.
సముద్రానికి నీలం, ఆకాశానికి లేత నీలం,
రెండూ కలిసేచోట స్కేలు పెట్టి గీత.
వంకర పోతే ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టేవాణ్ణి.

ఇప్పుడు ప్రతి శనివారం రెండు బస్సులు మారి
పెదజాలరిపేట తుఫాను షెల్టర్‌కి వెళ్తున్నాను.
గాలివాన వెళ్ళిపోయి నాలుగు నెలలైంది.
గోడ మీద నీళ్ళు నిలబడ్డ గుర్తు
నాకు నడుం దాకా ఉంది,
పిల్లలకైతే నెత్తి దాకా.

సలోమీ మేడం మొదటిరోజే చెప్పింది:
"ఇదేమిటని అడక్కండి. దిద్దకండి.
పక్కన కూర్చోండి, చాలు."
పక్కన కూర్చోవడం
నాకు ట్రైనింగులో ఎవరూ నేర్పలేదు.
చేతులెక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు.

దేసమ్మ ఇల్లు వేసింది.
కిటికీలున్నాయి, పొయ్యి మీద కుండుంది,
దండెం మీద చీర ఆరుతోంది.
తలుపు లేదు.
నా నోరు ఊరుకోలేదు.
"తలుపెడితే నీళ్ళొచ్చీవేటి మాస్టారూ?"
నా వైపు చూడకుండానే అంది.
ఇంకో గుంటడు రెండు చేతులా ఎర్ర క్రేయాన్లు పట్టుకుని
కాగితం చిరిగేదాకా రుద్ది
చిరుగులోంచి నన్ను చూసి నవ్వాడు.
పెట్టెల్లో అన్ని రంగులూ అరిగిపోయాయి.
నీలం ఒక్కటే
కొన్ననాటి పొడవుంది.

ఎల్లాజీ ఏమీ గీయడు.
వాళ్ళయ్య తెప్ప ఒడ్డుకొచ్చింది, అయ్య రాలేదు.
అందరి పెన్సిళ్ళూ చెక్కిపెడతాడు, అంతే.
నాలుగు శనివారాలు చెక్కాడు.
ఒక్కో మొనా వేలి మీద గుచ్చి చూసుకుని
మరీ ఇచ్చేవాడు.

అయిదో వారం
ఒళ్ళో పోగైన పొట్టు తీసి
కాగితం నిండా జిగురు రాసి అంటించాడు.
ఒకదాని మీద ఒకటి, అంచులు ఎర్రగా, పచ్చగా,
పొలుసులు.
బారెడు పండుగప్ప. తోకుంది, మొప్పలున్నాయి,
సంతలో పెడితే బేరమాడాలనిపించేంత చేప.
కన్ను లేదు.

ఈసారి నేనడగలేదు.
వాడే అన్నాడు, జిగురు వేళ్ళు లాగుకి తుడుచుకుంటూ:
"కన్నెడితే ఆ రేత్రంతా ఇది సూసిందని తెలిసిపోద్ది."

మొన్న శనివారం వాన పట్టి బస్సు ఆలస్యం.
నేను చేరేసరికి చేపకి కన్నుంది.
మూసిన కన్ను.
పైన వంపు గీత,
కింద వరసగా, ఒత్తుగా, రెప్పవెంట్రుకలు.
"తొంగుంది మాస్టారూ," అన్నాడు మెల్లిగా,
"లేపకండి."

చేపకి రెప్పలుండవని
జాలరి బిడ్డకి నేను చెప్పాలా.
పాత అలవాటుగా జేబులో ఎర్ర పెన్సిలుంది.
మొన మొద్దుబారింది, కాస్త చెక్కిపెట్టరా
అని చేతికిచ్చాను.

పెన్సిలు తిరిగిచ్చాడు.
పొట్టు వాడే ఉంచుకున్నాడు.