కొసరు

ఎల్ ఆల్టోలో గురువారం.
కింద రైలు పట్టాలున్నాయని మరిచిపోయేంతగా
పాత ఇనుము పరుచుకున్న సంత.
జేబులో రెండువందల ఇరవై బొలివియానోలు,
మెడలో తాడుకి పెన్‌డ్రైవ్,
అందులో ఒక ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం,
ఎవరికీ బాకీ లేనిది.

ఇంట్లో కంప్యూటర్‌కి చూపు పోయింది.
పంకా తిరుగుతుంది, లోపల గుండె కొట్టుకుంటుంది,
తెర మాత్రం అమావాస్య.
మునిసిపాలిటీ వాళ్లు వద్దనుకున్న పెట్టె అది.
మా ఆసుంతా అత్త నేసిన దుప్పట్ల నమూనాలు
అందులోకి గడి తర్వాత గడి ఎక్కిస్తున్నాను.
నూట పన్నెండో దుప్పటి దగ్గర ఆగిపోయింది.
పక్షికి ఒక్క రెక్కే పడింది.

"అన్నిట్లో పనిచేస్తుంది సెన్యోరా" అన్నాడు ఫ్రోయిలాన్,
కార్డుని చొక్కాకి తుడుస్తూ.
ఆ 'అన్నిట్లో' ఎంతవరకో నాకు తెలుసు.
రెండేళ్ల కిందట అలాంటి మాట నమ్మే
తళతళలాడే కార్డొకటి ఇంటికి తెచ్చాను.
దాని డ్రైవర్ మూతేసిన కుండ.
లోపల ఏం ఉడుకుతుందో చేసినవాడికే ఎరుక.
కొత్త కెర్నెల్ వచ్చిన రోజే అలక పాన్పు ఎక్కింది,
మళ్లీ దిగలేదు.

ఈసారి రొట్టెలు చుట్టిన కాగితం వెనక
పెన్సిల్‌తో రాసుకొచ్చాను:
పవర్ సప్లై మూడువందల వాట్లే,
పక్కనుంచి ఇంకో తీగ అడిగేది వద్దు.
పెట్టె సన్నం. పొట్టిది కావాలి.
డ్రైవర్ కెర్నెల్‌లోనే పుట్టి పెరిగినదై ఉండాలి.
చివరి వాక్యం కింద రెండు గీతలు.

పంకా లేని కార్డు చూపించాడు, చప్పుడే ఉండదన్నాడు.
నాలుగువేల మీటర్ల ఎత్తయ్యా ఇది,
ఇక్కడ గాలికే ఆయాసం.
వట్టి అల్యూమినియం రేకుల్ని ఏం చల్లారుస్తుంది?

ఇంకొకటి తీశాడు. పెద్దది, మూడు పంకాలు, కారుచౌక.
రేకుల సందుల్లో బూడిదరంగు దుమ్ము.
ఏ షెడ్డులోనో రాత్రీ పగలూ
కంటికి కనపడని నాణేలు తవ్వి వచ్చిన ఒళ్లు.
వేలితో ఒక పంకా తిప్పాను.
గరగరమంది.
మా నాన్న వనూనిలో తగరం తవ్వాడు.
ఆ దగ్గు నాకు తెలుసు.
మెల్లగా కింద పెట్టాను,
నిద్రపోతున్నదాన్ని పెట్టినట్టు.

అట్టపెట్టె అడుగున, రేడియో గొట్టాల కింద
అరచేయంత కార్డు. ఒకటే పంకా.
ఏ కాలంనాటిదో ఫ్రోయిలాన్‌కే తెలియదు.
పేరు చదివి ఊపిరి బిగబట్టాను,
ధర పెంచేస్తాడని.

అతని మేనకోడలు యోవానా
కారు బ్యాటరీతో నడిచే పరీక్ష పెట్టెలో దాన్ని గుచ్చింది.
నా పెన్‌డ్రైవ్ పెట్టాం.
నలుపు.
ఇంకా నలుపు.
పక్క దుకాణంలో ఎవరో వేడి ఆపీ తాగుతున్న చప్పుడు.
తర్వాత అక్షరాలు చీమల బారులా పైకి పాకాయి,
తెరంతా రంగు విచ్చుకుంది.
కమాండ్ కొట్టాను. కార్డు పేరు, పక్కనే డ్రైవర్ పేరు,
ఎవరైనా విప్పి చదువుకోగలిగినది.
మూడు పళ్లచక్రాలు తిరిగాయి,
ఎరుపు, పచ్చ, నీలం, ఒకదాన్నొకటి తోసుకుంటూ.
తయారుచేసిన కంపెనీయే మరిచిపోయిన చిప్‌ని
ఎక్కడో ఎవరో గుర్తుపెట్టుకుని
ప్రతి కెర్నెల్‌లోనూ ఇంత చోటు ఉంచుతున్నారు.
వాళ్లకి నేనేమీ ఇవ్వలేదు.
బేరం కూడా ఆడలేదు.

ఫ్రోయిలాన్‌తో మాత్రం ఆడాను.
రెండువందల యాభై నుంచి నూట తొంభైకి దించి,
"యాపా?" అన్నాను.
కొన్నాక కొసరు అడగకపోతే
అమ్మినవాడికే చిన్నతనం ఇక్కడ.
గొణుక్కుంటూ వెతికి
పొట్టి బిగింపు రేకొకటి, రెండు మరలు
నా చేతిలో పోశాడు.

ఇంటికొచ్చి చూస్తే ఒక మర పట్టలేదు.
కార్డు కొంచెం పక్కకి ఒరిగే ఉంది.
ఉండనీ.
పక్షి తెరమీదికొచ్చింది, ఒంటిరెక్కతోనే,
మిగతా గడులు నింపమన్నట్టు.

అత్త నా భుజం మీంచి తొంగి చూసింది.
"ఎంతకి తెచ్చావ్?"
"నూట తొంభై."
"నూట అరవైకి ఇచ్చేవాడు" అంది,
కుర్చీ దగ్గరికి లాక్కుని,
"ఆ తోకలో ఎరుపు అది కాదు. ఇంకా ముదురు."