రెండోసారి

హాన్స్ట్‌హోమ్ రేవులో చేపల వేలం వేసేవాడు ప్రేబెన్.
ఐసు మీద పేర్చిన పెట్టెల మధ్య
ఒకటోసారి, రెండోసారి...
మూడోసారికి సుత్తితో పని ఉండేది కాదు,
ఆ గొంతే దెబ్బ వేసేది.

ఆరేళ్ళ కిందట నాలుక మొదట్లో దొరికింది.
"వైరస్ వల్ల వచ్చింది, మంచి రకం" అన్నారు ఆల్బోర్గ్ ఆసుపత్రిలో.
మంచి రకమట!
కాడ్ చేపకి గ్రేడు వేసినట్టు.

ముఖానికి వలలాంటి తొడుగేసి
బల్లకి బిగించారు ముప్ఫై మూడు సార్లు.
"ఇన్నాళ్ళకి చేప సంగతి తెలిసింది" అన్నాడు,
మాట ఉన్నంతవరకు.

బోదిల్ ఒక్కసారే అడిగింది, ఎక్కణ్ణుంచి వచ్చిందీ అని.
ఎవరి నుంచో, ఎప్పుడో,
ముప్ఫై ఏళ్ళయినా చడీచప్పుడూ లేకుండా పడి ఉంటుందిట.
ఆ రాత్రి ఆమె కడుగుతోంది, అతను తుడుస్తున్నాడు,
ఇద్దరూ ఎవరి ఏళ్ళు వాళ్ళు లెక్కపెట్టుకున్నారు.
ఆఖరి పళ్ళెం దగ్గర
లెక్క వదిలేశారు.

తర్వాత ఉమ్మి ఊరలేదు.
రొట్టెముక్కకి గ్లాసుడు నీళ్ళు.
మూడు నెలలకోసారి ముక్కులోంచి సన్నటి గొట్టం,
తర్వాత ఆరు నెలలకోసారి.
అయిదేళ్ళు నిండిన రోజున పెరట్లో జెండా ఎగరేశారు,
పక్కింటివాళ్ళు కేకు తెచ్చారు.
అది మాత్రం దిగలేదు.

మొన్న ఊపిరితిత్తిలో చిన్న మచ్చ.
ముక్క తీసి చూసిన కుర్ర డాక్టరు
తెర మావైపు తిప్పి చెప్పాడు:
"పాతది తిరిగి రాలేదు.
ఇది దానికి చుట్టం కూడా కాదు. కొత్తది."

"హమ్మయ్య" అంది బోదిల్.
అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.
ప్రేబెన్ నవ్వాడు, దగ్గొచ్చేదాకా.
నేను కారు తాళాలు వెతుక్కున్నాను,
చేతిలోనే ఉన్నాయి.

ఇసుకదిబ్బల దారిలో ఎవరం మాట్లాడలేదు.
ఇంటికి కాదు, రేవుకి పొమ్మన్నాడు నాన్న.

ఇప్పుడక్కడ వేలం కంప్యూటర్లోనే.
కొనేవాళ్ళు మీటలు నొక్కుతారు, అరిచేవాళ్ళు లేరు.
ఒక పెట్టెలో చదును చేప ఇంకా తోక కొడుతోంది.
సీసా తీసి ఒక గుక్క తడుపుకున్నాడు.
"ఒకటోసారి" అన్నాడు, బొంగురుగా.
"రెండోసారి."

ఆగాడు.
రెండుకీ మూడుకీ మధ్య ఎంతసేపు ఆగాలో
ఆయనకి తెలిసినట్టు ఈ తీరంలో ఎవరికీ తెలీదు.
ధర పెరిగేది అక్కడే, అనేవాడు నా చిన్నప్పుడు.

అమ్మ ఆయన స్కార్ఫు సర్దింది.
ఇంకా ఆగే ఉన్నాడు.