నేల విడవని సాము

నాలుగున్నరకి అలారం మోగదు.
దానికా అవసరం తీరి రెండేళ్ళయింది.
ముందు కాళ్ళు లేస్తాయి, వాటి వెనక నేను,
నా వెనక చాలాసేపటికి గానీ క్వెంకా ఊరు లేవదు.

చీకట్లో మేజోళ్ళు తడుముకుంటాను,
రాత్రి ఉతికి పొయ్యి పక్కన ఆరేసినవి.
మడమ దగ్గర ఇంకా కాస్త చెమ్మ.
ఎడమ బూటు ముందు.
కుడిది ముందు తొడిగిన రోజు ఒకటుంది,
ఆ సంగతి తర్వాత.

బేకరీలో రాత్రి పని ముగించి
అక్క ఫిలోమెనా అప్పుడే వస్తుంది, కనుబొమల మీద పిండితో.
గడప దగ్గర ఎదురుపడతాం.
తనకి రాత్రి అయిపోయింది, నాకు పగలు మొదలవలేదు,
ఆ సందులో ఒక వేడి రొట్టె చేతులు మారుతుంది.
మాటలుండవు.

తోమెబాంబా నది వెంట దారి.
ఇంత ఎత్తున గాలి పిసినారి,
చిల్లర లెక్కపెట్టి మరీ ఇస్తుంది.
యూకలిప్టస్ వాసన మాత్రం ధారాళం.
మూడో వంతెన దాకా ఒక కుంటికుక్క తోడొస్తుంది.
వంతెన దాటదు. దాని లెక్క దానిది.

నా ఆట నడక.
నవ్వుకోండి, మొదట్లో నేనూ నవ్వాను.
నడుము ఊగుతుంది, మోచేతులు కుట్టుమిషన్లా ఆడతాయి.
పాల లారీ డ్రైవరు రోజూ హారన్ కొట్టి
కూర్చున్నచోటే నాలా ఊగి చూపిస్తాడు.
(బాగానే ఊగుతాడు. భుజాలే కాస్త బిగుసు.)
ఒక పాదం ఎప్పుడూ నేలని తాకి ఉండాలి,
తాకిన కాలు మోకాలి దగ్గర వంగకూడదు.
అంతే శాస్త్రం.
లోకమంతా గాల్లోకి లేచినవాళ్ళకి పతకాలిస్తుంది,
మాకు లేస్తే ఎర్ర అట్ట.

పరుగెత్తి పాలు తాగేకన్నా
నిలబడి నీళ్ళు తాగడం మేలంటారు.
ఆ రెంటికీ మధ్య ఏం తాగాలో ఎవరూ చెప్పలేదు.
నేనక్కడ ఉంటాను,
దాల్చినచెక్క వేసిన బెల్లం నీళ్ళ సీసాతో,
సగం గొంతులోకి, సగం గడ్డం మీదికి.

ఇవాళ పన్నెండుసార్లు కిలోమీటరు.
మొదటిది కొత్త, చివరిది చివరిది.
ఏడోదాన్ని ఎవరూ ప్రేమించరు,
అది ఊరికే ఏడోది.
దాన్ని నేను పెంచుకుంటున్నాను.
అందులో గడియారం చూడను,
మడమ, వేళ్ళు, మడమ, వేళ్ళు,
ఎవరో పెద్దావిడ తీరిగ్గా తమలపాకులు లెక్కపెడుతున్నట్టు
ఒకటే చప్పుడు.
సైకిలు మీద పక్కన వచ్చే కోచ్ ఎవారిస్తో దగ్గర
మెచ్చుకోలు ఒక్కటే ఉంది: "ఊఁ."
ఇవాళ రెండొచ్చాయి.

తర్వాత ఉడికిన తెల్ల మొక్కజొన్న గింజలు, గుడ్డు కొట్టి వేయించినవి.
తర్వాత నది నీళ్ళలో మోకాళ్ళ దాకా,
చలికి పళ్ళు తాళం వేస్తుంటే
నల్లబడ్డ బొటనవేలి గోరుని పలకరించడం.
ఇంకా ఊడలేదు. మొండిది. నా గోరే మరి.

కిందటేడు గ్వాయకీల్ పోటీ.
పద్దెనిమిదో కిలోమీటరు, నాలుగో స్థానం,
కళ్ళ ముందు మూడో స్థానం వీపు.
తీర్పరి ఎర్ర అట్ట ఎత్తి పక్కకి రమ్మన్నాడు.
రెండు పాదాలూ గాల్లో ఉన్నాయట,
రెప్పపాటులో సగం సేపు.
అన్యాయం అన్నాడు ఎవారిస్తో, టోపీ నేలకేసి కొట్టాడు.
నేనేమీ అనలేదు.
తీర్పరి సరిగ్గానే చూశాడు.
ఆ సగం రెప్పపాటు నాకు గుర్తుంది,
ఎంత బాగుందో
ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

కొండల మీదుగా బస్సు, ఇల్లు చేరేసరికి రాత్రి రెండు.
మూడు రోజులు ముఖం చూపించకన్నాడు కోచ్.
నాలుగున్నరకి కాళ్ళు లేచాయి.
వాటికెవరూ చెప్పలేదు కాబోలు ఓడిపోయామని.
గడప దగ్గర పిండి కనుబొమలు, వేడి రొట్టె.
మూడో వంతెన దగ్గర కుక్క ఆగింది.
ఆ రోజు నేనూ ఆగాను.
రొట్టెలో సగం దానికిచ్చాను,
పెద్ద సగమే తీసుకుంది.
లారీ వెళ్ళింది, హారన్ కొట్టి.
కూర్చున్నచోటే నేనూ ఊగాను.

రాత్రి నోటుపుస్తకంలో
రేపటి పేజీకి తేదీ ఒక్కటే వేసి పెడతాను.
మిగతాది ఖాళీ.
మేజోళ్ళు ఉతకాలి.