రకం అనే గడి

చిన్నబజారులో మా కొట్టుకి
మూడున్నర కిలోల పెట్టె ఒకటి దిగింది.
కోసి చూస్తే పైన మడతల అట్ట, కింద చీట్ల కట్టలు,
అడుగున గుంటలు గుంటల ప్లాస్టిక్ పళ్లేల్లో
బొటనవేలంత మనుషులు, ఎనభైముగ్గురు.
కత్తులున్నోళ్లు, కొమ్ములున్నోళ్లు,
ఒకడికి తోడేలు తల.
అందరిదీ ఒకటే రంగు,
తడిసి ఆరిన సిమెంటు రంగు.

"రంగెయ్యలేదేందబ్బయా?" అన్నాడు పెంచలనరసింహం సెట్టి.
కొన్నవాళ్లే వేసుకోవాలంట.
"మట్టి వినాయకుడికి రంగెయ్యకపోతే సగం ధర.
వీళ్లకి వెయ్యనందుకు రెట్టింపా?"

సెట్టి ఒకప్పుడు వడ్ల బేరగాడు.
గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని
ఒకటి పంటికింద కొరికి
మొలగొలుకులో కాదో, ఏ కాలవ కింద పండాయో,
పుట్టి ఎంత పలుకుద్దో
లారీ దిగకముందే చెప్పేవాడు.
ఇప్పుడు అదే అరచేతిలో
తోడేలు తలోణ్ణి నిలబెట్టి
ఎండలోకి తిప్పాడు, నీడలోకి తిప్పాడు.
కొరకలేదు గానీ
కొరికేట్టే చూశాడు.

నేను బిల్లుల దగ్గర కూర్చునేదాన్ని.
కంప్యూటర్లో ధర ఎక్కాలంటే
ముందు రకం అనే గడి నిండాలి.
పిల్లల బొమ్మలు. పజిళ్లు. క్రీడా సామగ్రి.
అలంకరణ. పూజ.
ఒక్కోదానికి ఒక్కో అర, ఒక్కో పన్ను.
చెన్నై డీలరుకి ఫోన్ చేస్తే
"వ్యూహం ఆట మేడం" అన్నాడు,
"అందులో సాహసం, అందులో మళ్లీ సహకారం.
ఆడేవాళ్లంతా ఒకే పక్షం."
సెట్టి ఫోన్ లాక్కున్నాడు.
"అందరూ ఒకవైపైతే ఓడేదెవురయ్యా?"
"పెట్టె సార్."

ఆరువేల రెండొందల ఇరవై ఐదు.
ఎనభైమూడుతో భాగించి చూశాను, ఊరికే.
తలకి డెబ్బై ఐదు. పైసా మిగల్లేదు.
అట్టయితే ఆ అట్ట, ఆ చీట్లు, పాచికలు,
నలభై పేజీల నియమాలు,
ఆటంతా ఉచితమన్నమాట.
లేదా ఆటకే ఆరువేలు,
మనుషులు కొసరు.

ఇస్కపల్లి హేచరీలో రాత్రిపూట పనిచేసే గౌస్ బాషా
ఇంటికి పోతా పోతా ఆగాడు.
వెంట్రుకంత రొయ్యపిల్లల్ని
పైసల్లెక్కన ఎంచే చెయ్యి అది.
బొమ్మని ముట్టనే లేదు.
నియమాల పుస్తకం తీసి
నిలబడే పన్నెండు పేజీలు చదివాడు.
"బొమ్మల్లేకుండా ఆటొక్కటే ఇస్తారా అక్కా?
చింతపిక్కలు పెట్టుకుంటాం."

మధ్యాహ్నం మాగుంట లేఅవుట్ నుంచి ఒకామె వచ్చి
"ఆ రెక్కల పామొక్కటి చాలు,
చేపల తొట్టిలోకి" అంది.
ఇద్దర్నీ కలిపితే పెట్టె అమ్ముడుపోయేదే.
సెట్టి విడదియ్యనన్నాడు.
బస్తా విప్పి గింజలమ్మే కొట్టు కాదంట ఇది.

దీపాలు పెట్టే వేళకి
పళ్లేలు సర్దుతా లెక్కపెడితే ఎనభైరెండు.
ఇంకోసారి. ఎనభైరెండే.
బల్ల కింద చూశాను, చీపురు మూల చూశాను.
తలకి డెబ్బై ఐదైతే
జీతంలో ఏ రకం కింద కోస్తారో
అని కూడా అనుకున్నాను.

వెనక గోడౌన్లో
ఆ పెట్టె వచ్చిన కార్టను తిరగేసి
రవణయ్యా కొండలూ సుద్దముక్కతో
పులిజూదం గీసుకున్నారు.
ఓడినోడు టీ తాపాలి, అంతే దాని ధర.
మేకలు శనక్కాయ గింజలు,
రెండు పులులు సోడా మూతలు,
మూడో పులి
తోడేలు తలోడు.
"పులొకటి తక్కువైందిమ్మా,
ఆట కాంగానే ఇచ్చేస్తా" అన్నాడు రవణయ్య, తలెత్తకుండా.

ముందు గదిలో
రకం గడిలో గీత
ఆరతా వెలగతా ఉండుద్ది.
సెట్టి కేకేశాడు, "దొరికిందా?"

తొమ్మిది మేకలు ఇంకా బతికున్నాయి.
ఎడంపక్క సందు మూస్తే తోడేలుకి కట్టే.
"వస్తన్నా" అన్నాను గానీ,
గింజ పట్టుకున్న కొండలు చెయ్యి
ఇంకా గాల్లోనే ఉంది.