లైన్ క్లియర్

నేను మూడో క్లారినెట్‌ని.
అంటే, ఉన్నా ఎవరికీ వినపడనివాణ్ణి,
లేకపోతే ఆయనొక్కడికే తెలిసేవాణ్ణి.

గెరా నెహెమ్యా మేస్త్రి మొదట పట్టిన వాయిద్యం
బొగ్గు పార.
బిట్రగుంట షెడ్డులో, పదిహేడేళ్లకి.
"మూడు పారలు, ఒక ఊపిరి. నాలుగు లెక్క.
నా చదువంతా అదే అబ్బయా."
శనివారాలు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సులు,
కిటికీ బయట ఈయన, మసి మొహంతో.
నేర్చుకున్నది పాట కాదు.
డిక్రూజ్ దొర చెయ్యి లేపాక
పాట ఇంకా మొదలవకముందు
గదిలో నిలబడే ఆ ఖాళీ.

దొర సముద్రం దాటి పోతూ పుల్ల ఇచ్చిపోయాడు.
దాన్ని పట్టుకునే మద్రాసు బండెక్కాడు.
పదకొండేళ్లు, వయొలిన్ల ఆఖరి వరస.
"తెర మీద హీరోయిన్ ఏడిస్తే
ఏడ్చింది నేనేరా,
బత్తెం మాత్రం ఆమెకి."
నలభై వయొలిన్లు ఒక్క పెట్టెలో పట్టే యంత్రం వచ్చింది.
ఈయన ప్యాసింజర్లో వెనక్కొచ్చాడు.

కావలి చర్చిలో క్వయర్.
మంచి శుక్రవారం పాటలో డప్పు పెట్టినందుకు
సంఘం పెద్దలు తీసేశారు.
కందుకూరులో పౌరాణికానికి హార్మోనియం.
రాగం వదలని కృష్ణుడికి ఓ తెల్లారుజామున
దండం పెట్టి, పెట్టె మూసి లేచొచ్చాడు.
సంతపేటలో పెళ్లి బ్యాండు. ఎలక్షన్లకి
పొద్దున ఒక జెండా, సాయంత్రం ఇంకోటి,
ట్యూను ఒకటే; ఎవరూ పట్టుకోలేదు.
ఏమీ దొరకని రెండేళ్లు రొయ్యల గుంట కాపలా.
అక్కడే అనుకుంటా రాయడం మొదలైంది:
రాత్రంతా ఏరేటర్లు నీళ్లు కొడుతుంటే
మేత లెక్కల పుస్తకం వెనకనించి
అయిదు గీతలు గీసుకుంటూ.

డెబ్బై ఒకటో ఏట మమ్మల్ని పోగేశాడు.
సైకిల్ షాపు మస్తాన్‌కి ట్రంపెట్,
పాలకేంద్రం పెంచలమ్మకి వయొలిన్,
మాలకొండయ్యకి తనకంటే బరువైన ట్యూబా.
నన్నెందుకంటే మా తాత నాదస్వరం.
ముక్కుతో పీలుస్తూనే ఊదడం
మా ఇంట్లో మిగిలిన ఆస్తి.

కాయితంలో నూట పన్నెండో గడి ఖాళీ.
పెన్సిలుతో ఒక్క మాట: బండి.
"ఏ బండి మేస్త్రీ?"
"ఏదొస్తే అది."
"లేటైతే?"
"నువ్వుండావు గదా."

ప్లాట్‌ఫారం చివర వాయించాం ఆ ఆదివారం.
విన్నవాళ్లు ఇరవైమంది, అందులో సగం
బండెక్కడానికి వచ్చినోళ్లు.
నూట పన్నెండు.
అందరూ ఆగారు. ఆయన చెయ్యి పైకి లేచింది.
కింద నా ఒక్క స్వరం, సన్నగా,
నీళ్ల కుళాయి సరిగ్గా కట్టనట్టు.
సిగ్నలు ఎర్రగా.
ఆయన చొక్కా చేతిమీద ఈగ వాలింది, లేచింది,
మళ్లీ వాలింది.
ఎవరో బిడ్డకి ఇడ్లీ తినిపిస్తున్నారు.
చెయ్యి దిగలేదు.

వచ్చింది. గూడ్సు.
యాభై ఎనిమిది పెట్టెలని మస్తాన్ తర్వాత చెప్పాడు.
మొత్తం ప్లాట్‌ఫారం ఒక డోలు.
నేను ఊదుతున్నానో లేదో నాకే తెలీలేదు.
ఆఖరి పెట్టె వెళ్లింది,
చప్పుడు కావలి దిక్కుకి పలచబడింది.
ఇప్పుడు దించుతాడనుకున్నాం.

దించలేదు.

నా తాత ఆస్తి అంతా అయిపోయింది.
పెదవి వణికింది. ఆపేశాను.
ఎవరూ తిరగలేదు నా వైపు.
ఆయన తిరిగాడు,
చెయ్యి దించాడు.