జమ, ఖర్చు, నిల్వ

పాస్టరుగారు రెండు పేజీలు చాలన్నారు,
నూరేళ్ల పండగ పుస్తకానికి.
ఎవరు కట్టించిరి, ఏ అయ్యగారు ఎన్నేళ్లుండిరి,
మైకుసెట్టు ఎవరి దానం.
"తపాలాఫీసులో ముప్పయ్యేళ్లు లెక్కలు రాసినోడివి,
నీకయితే సులువు గదా యాకోబూ."

సరేనని అటక మీది ట్రంకుపెట్టె దించినాను.
బాప్తిస్మాల రిజిస్టరును
చెదలు నాకంటే ముందే సగందాకా చదివేసినాయి.
మిగిలిన సగంలో రెండు గళ్లు:
పాత పేరు. కొత్త పేరు.
తిప్పడు – తీతు.
గంగి – గ్రేసమ్మ.
ఎర్ర ఓబిగాడు – ఓబద్యా.
మా జేజినాయన తెలివైనోడు,
సగం పేరు పళ్లమధ్య పట్టుకొనే
నీళ్లకు తల వంచినాడు.
ఆ గడి పక్కన మసిసిరాతో, వంకరగా, "గారు".
కాగితం మీద ఆయనకు ఆ రెండక్షరాలు అదే మొదలు.
ఊరి నోట్లోకి రావడానికి
ఇంకో నలభై ఏళ్లు పట్టింది.

శంకుస్థాపన రాయి మీద ఒకే పేరుంది.
జర్మనీ దొర. నోరు తిరగని పేరు.
మావాళ్లు బుగ్గమాను దొర అనేవాళ్లు.
రాయి కిందున్నోళ్లు లెక్కల పుస్తకంలో దొరికినారు:
"సున్నం రుబ్బిన ఆడకూలీలు పద్నాలుగు మంది,
తలకు అణా.
ఒకామెకు అర్ధణా, చంకలో బిడ్డ ఉన్నందున."
పేరు లేదు.
అయినా ఆమె ఎవరో నాకు తెలుసు.
చంకలోని బిడ్డ మా పెద్దత్త.
పోయేదాకా గుడిగోడకు వీపు ఆనించి కూర్చునేది,
"నావల్ల తెగిన అర్ధణా ఉందిరా ఈ గోడలో" అని.

గోడలు లేచినాయి. కప్పు లేదు.
యాడనో యుద్ధమొచ్చింది.
కోడూరు స్టేషన్లో దొరను పోలీసులు రైలెక్కించినారు,
శత్రుదేశపోడని.
ఆయన బల్లమీద దొరికిన రహస్యం
టేకు దూలాలకు మదరాసుకు రాసిన జాబు.
ఆ దినం ఖర్చు: "దొరగారి దారిబత్తెం, సజ్జరొట్టెలు ఆరు."
తర్వాత పదకొండేళ్లు ఆకాశమే కప్పు.
వానొస్తే ప్రసంగం చిన్నది.
తూర్పుగోడ కింద మొదలైన ఆరాధన
దీవెన దాకా వచ్చేసరికి నీడ అయిపోయేదంట.
ముసలోళ్లు ఒకరినొకరు ఒత్తుకుంటా గోడకే అతుక్కునేవాళ్లు.

ఇది రాయొద్దన్నారు కమిటీలో.
ముప్ఫై ఒకటో సంవత్సరం, పునరుత్థాన పండగ:
"ద్రాక్షారసం మిగిలింది."
రెండే మాటలు.
కిందిపేటోళ్ల పెదవి తగిలిన గిన్నెను
పైపేటోళ్లు ముట్టలేదు.
బయట రెడ్ల బావి
మమ్మల్నందరినీ ఒకటే దూరంలో నిలబెట్టింది.
ఆ దూరాన్ని లోపలికి తెచ్చి
మాలో మేం ముక్కలు కోసుకున్నాం.
దేవదానం అయ్యగారు గిన్నె పట్టుకొని
మెట్టు మీద అట్లే నిలబడినాడంట,
మామిడితోపు కావలోడు మధ్యాన్నం డప్పు కొట్టేదాకా.
మరుసటేడు కూడా "మిగిలింది."
మూడో ఏడు ఏమీ రాయలేదు.
తాగినారో,
కొననేలేదో.

ఇంకా చానా ఉండాది.
కోతపండగ వేలంలో
"గుమ్మడికాయ ఒకటి, నాలుగుసార్లు అమ్మబడినది":
కొన్నోళ్లంతా మళ్లీ దేవునికే ఇచ్చేసినారు,
చివరికి ఎవరి కూరైందో తెలీదు.
హార్మోనియం తోలు కొరికిన ఎలుకకు
బోను, మూడణాలు.
మొన్నటి వరదకు గుంజనేరు
మూడో బెంచీ దాకా వచ్చి కూర్చుంది,
ఆ బురద మరక కడపబండల మీద ఇంకా పోలేదు.

పందొమ్మిది పేజీలయినాయి.
పాస్టరుగారు ఎర్రసిరాతో రెండు చేసినారు.
దొర ఉన్నాడు. మైకుసెట్టు ఉంది.

రాత్రి మళ్లీ మొదటి పుస్తకం ముందరేసుకున్నాను.
జమ కూడినాను, ఖర్చు తీసేసినాను,
నిల్వతో సరిపోవాల.
మూడుసార్లు చూసినా అర్ధణా తేడా.
"ఇప్పుడు అణాలు యాడున్నాయి, వదిలెయ్" అంటాడు నా కొడుకు.

పెన్సిలు చెక్కుకుంటా ఉన్నాను.